తెల్లారకముందే తేలిన బొచ్చెలు: పరకాల వైపు ఒక ఊరి చెరువు కేసు

ఈ కేసు హన్మకొండ జిల్లాలో పరకాల వైపున్న ఒక ఊరి చెరువుది. నిండితే నలభై ఎకరాల దాకా పరుచుకుంటుంది. మత్తడి దుంకిన ఏడాది చేప బాగా వస్తుంది. ముదిరాజ్ సంఘం వాళ్లు వానాకాలంలో బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ పిల్లల్ని వదిలారు. యాసంగి వరికి తూము తీయడంతో ఏప్రిల్ మూడో వారానికి నీళ్లు పది పన్నెండు ఎకరాలకు దిగాయి. చాలా చోట్ల నడుము లోతే. తూము ముందు, పూడిక తీసినప్పుడు తవ్విన గుంటల్లో మాత్రం మనిషి మునిగేంత నీళ్లున్నాయి. బొచ్చెలు అప్పటికే కిలో దాటాయి. మే మొదట్లో పెద్ద వలలు వేద్దామని సంఘం అనుకుంటోంది.

నేను చదివింది జంతుశాస్త్రం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో చేపల సంఘాలకు, సొంత చెరువులున్న రైతులకు సలహాలివ్వడం నా పని. సంఘం అధ్యక్షుడు ఫోన్ చేసేటప్పటికి ఇంకా చీకటిగానే ఉంది. "సారూ, శాపలన్నీ మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. పెద్ద బొచ్చెలు అప్పుడే తేలినయి. ఎవలో మందు కలిపిండ్రు" అన్నాడు.

ఎవరి మీద అనుమానమో కూడా చెప్పాడు. తూము మూయమని సంఘం, ఇంకో తడి కావాలని ఆయకట్టు రైతులు వారం కిందటే గొడవపడ్డారట. ఆ గొడవలో గట్టిగా మాట్లాడిన రైతు పేరే ఇప్పుడు అందరి నోటా ఉంది. వేసవిలో నాకొచ్చే ఇలాంటి ఫోన్లన్నిటిలో మొదటి మాట మందే. నిజంగా మందు కలిపిన కేసులూ లేకపోలేదు. అందుకే ఆ మాటను కొట్టిపారేయను, ఒప్పుకోను. కాకపోతే ఊపిరాడక చస్తున్న చేపకు విచారణ పూర్తయ్యేదాకా ఆగే టైం లేదు. అందుబాటులో ఉన్న ఆయిల్ ఇంజిన్లన్నీ కట్ట మీదికి తెచ్చి, చెరువు నీళ్లే తోడి, పైపును పైకెత్తి మళ్లీ చెరువులోనే జల్లుగా పడేలా కొట్టమని ఫోన్‌లోనే చెప్పాను. లోతు గుంటల్లో ఫుట్‌వాల్వ్ పెట్టొద్దని, ఒడ్డున పై నీళ్లే తోడమని రెండుసార్లు చెప్పాను. ఎందుకో కింద రాస్తాను.

కట్ట మీద కనిపించినవి

నేను వెళ్లేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఊళ్లో సగం మంది కట్ట మీదే ఉన్నారు, ఒక కానిస్టేబుల్ కూడా వచ్చాడు. చెరువు నిండా చేపల మూతులే. నీటి పై పొరకు అంటిపెట్టుకుని గుటకలు వేస్తున్నాయి. చెయ్యి ఊపితే చెదిరిపోవాల్సిన చేప, దగ్గరికి వెళ్లినా కదలడం లేదు.

మందో కాదో తేల్చుకోవాలంటే చచ్చినవాటి కంటే బతికున్నవాటినే ముందు చూడాలి. ఈ చెరువులో చచ్చినవి దాదాపు అన్నీ పెద్ద బొచ్చెలు, కొన్ని రవ్వలు. నోరు బార్లా తెరిచి, మొప్పల మూతలు విచ్చుకుని ఉన్నాయి. అదే జాతుల చిన్న చేపలు ఇంకా పైన తిరుగుతున్నాయి. బంగారుతీగలు నీరసంగా ఉన్నా చావలేదు. ఒడ్డు పక్క గడ్డిలో నీటి పురుగులు హాయిగా ఈదుతున్నాయి. రొయ్యపిల్లలు నీళ్లలోంచి రాళ్ల మీదికి పాకి వచ్చాయి గానీ బతికే ఉన్నాయి. పురుగుమందు కలిసి ఉంటే ఈ వరుస తిరగబడేది. పొలంలో కొట్టే మందు పురుగుని చంపడానికి తయారైంది కాబట్టి నీటి పురుగులు, రొయ్యలు ముందు పోతాయి. తర్వాత చిన్న చేప, ఆఖరికి పెద్ద చేప. ఆక్సిజన్ పడిపోతే మాత్రం ఎక్కువ తినే, ఎక్కువ పీల్చే పెద్ద ఒళ్లే ముందు కూలుతుంది.

ఇంకో సాక్ష్యం కొర్రమీను. ఆ అలజడిలో కూడా ఒక కొర్రమీను మామూలుగా పైకొచ్చి, ఒక గుక్క గాలి మింగి, తోక కొట్టి కిందికి పోయింది. దాన్ని చూపించి పక్కనున్న పెద్దమనిషిని, "కాకా, దీనికేం కాలేదేంది మరి?" అని అడిగాను. ఆయన ఆ చెరువులో వల వేసినవాళ్లలో అందరికంటే పెద్ద. "అది మీది గాలి తాగే శాప గద బిడ్డా. రాత్రి వలల తట్టుకుంటే నీళ్లల్లనే సస్తది" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన రాష్ట్ర చేప కొర్రమీనుకు మొప్పల పైన, తలలో ఒక గాలి గది ఉంటుంది. దాని గోడల్లో రక్తనాళాలు కిక్కిరిసి ఉంటాయి. ఎదిగిన కొర్రమీనుకు మొప్పలొక్కటే చాలవు, పైకొచ్చి గాలి తీసుకోకపోతే ఊపిరాడక చస్తుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే జరిగేది అదే. మార్పు చేపకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. నీళ్లలో విషముంటే ఆ విషం కొర్రమీను మొప్పలకూ తగిలేది. నీళ్లలో లేనిది ఆక్సిజన్ ఒక్కటే అయితే దానికి బాధ లేదు, పైన ఆకాశం నిండా ఉంది.

రెండు బకెట్లు, రెండు సీసాలు

ఇంతమాత్రానికే కానిస్టేబుల్ రాసుకోడు, రాసుకోకూడదు కూడా. ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఒకే చోటి నీళ్లు రెండు బకెట్లలో తీసుకున్నాం. ఒకదాన్ని అలాగే కదపకుండా ఉంచాం. రెండోదాన్ని ఇద్దరు కుర్రాళ్లు ఎత్తునుంచి ఇంకో బకెట్‌లోకి ధారగా పోస్తూ, మళ్లీ ఇటు పోస్తూ, చేతులు నొప్పి పుట్టేదాకా తిరగబోశారు. తర్వాత గుటకలు వేస్తున్న చిన్న రవ్వల్ని రెండింటిలోనూ వేశాం. కదపని బకెట్‌లోవి పైకే అంటిపెట్టుకున్నాయి, ఒకటి పక్కకు ఒరిగింది. తిరగబోసిన బకెట్‌లోవి కాసేపటికి అడుక్కి దిగి, మొప్పలు నెమ్మదిగా ఆడించడం మొదలుపెట్టాయి. విషం ఉంటే తిరగబోస్తే పోదు కదా. ఈ ఒక్క పరీక్షతో అన్ని విషాలూ లేవని తేలిపోదు గానీ, ఏది లోపించిందో మాత్రం కళ్లకు కడుతుంది.

నా దగ్గర డీవో మీటరుంది. పై నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా చూపించలేదు, గుంటల అడుగున సున్నా దగ్గరే నిలబడింది. డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. బొచ్చె, రవ్వ లాంటి మన కార్పు చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములు పైన ఉంటే బాగుంటుంది. 3 కిందికి పడితే మేత మానేస్తాయి, 1 కిందికి పోతే ప్రాణాల మీదికి వస్తుంది. అయితే మీటరు అంకెను ఊళ్లో ఎవరూ నమ్మాల్సిన పని లేదు. దాన్ని చదివి నేను ఏది చెబితే అదే కదా. అందుకే ఎప్పుడూ వింక్లర్ పరీక్ష సామాను కూడా వెంట ఉంచుకుంటాను. హంగేరీ రసాయన శాస్త్రజ్ఞుడు లాయోష్ వింక్లర్ 1888లో బయటపెట్టిన పద్ధతి. ఇన్నేళ్లయినా మీటర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకునేది దీంతోనే.

గాజు మూత సీసాలు రెండు. ఒకదాన్ని గుంట అడుగు నీళ్లతో, ఇంకోదాన్ని అప్పుడే బోరు నుంచి పట్టి బాగా తిరగబోసిన నీళ్లతో, లోపల బుడగ లేకుండా నింపాను. రెండింటిలోనూ మాంగనస్ సల్ఫేట్, తర్వాత క్షార అయొడైడ్ ద్రావణం వేసి, మూత బిగించి తలకిందులు చేశాను. తిరగబోసిన నీళ్ల సీసాలో ముదురు గోధుమరంగు తరకలు లేచి మెల్లగా అడుక్కి దిగాయి. ఆక్సిజన్ ఉంటే మాంగనీసు దాన్ని పట్టుకుని ఆ రంగు తిరుగుతుంది. గుంట నీళ్ల సీసాలో తెల్లటి తరకలే లేచాయి. తెల్లగానే అడుగుకు చేరాయి. రంగే తిరగలేదు. రెండు సీసాలూ కట్ట రాయి మీద పక్కపక్కన పెట్టాను. అందరూ వంగి చూశారు. ఆమ్లం, థయోసల్ఫేట్, గంజి పొడితో లెక్క తేల్చడం తర్వాత చేశాను గానీ, ఆ ఊరికి లెక్క అక్కడే తేలిపోయింది.

కానిస్టేబుల్ నీళ్ల శాంపిళ్లు, మొప్పలు ఐస్‌లో పెట్టి లాబ్‌కు పంపించాడు. అది పంపి తీరాల్సిందే. అనుమానం ఉన్నప్పుడు శాంపిల్ ఆ పొద్దే, శుభ్రమైన గాజు సీసాలో తీయాలి. ఉబ్బి వాసన కొడుతున్న చేపతో ఏ లాబూ ఏమీ చెప్పలేదు. కొన్ని వారాలకు వచ్చిన రిపోర్టులో పురుగుమందు ఆనవాళ్లు లేవు.

నీళ్లలోనే ఉంటుంది కదా, మరి గాలి ఎందుకు?

డిగ్రీ చదివే కుర్రాడొకడు అడిగాడు. "సార్, నీళ్లంటేనే హెచ్‌టూవో కదా, ఆక్సిజన్ దాంట్లోనే ఉందాయె. శాపకు తక్కువెట్ల పడుతది?" ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది, అడిగేవాళ్లు తక్కువ. నీటి అణువులో ఉన్న ఆక్సిజన్ హైడ్రోజన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఏ మొప్పా, ఏ ఊపిరితిత్తీ ఆ ముడి విప్పలేదు. చేప పీల్చేది గాలి నుంచి వచ్చి నీటి అణువుల మధ్య కరిగి ఉన్న విడి ఆక్సిజన్‌ను. అది చాలా కొంచెమే ఉంటుంది. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడున్న లీటరు నీళ్లలో ఎంత కరిగినా ఏడున్నర మిల్లీగ్రాములే. పైగా నీళ్లలో ఆక్సిజన్ దానంతటది పాకే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. కదలని నీళ్లలో పైనున్న ఆక్సిజన్ కిందికి చేరడమంటే రోజుల మాట.

ఈ కరువులో బతకడానికే మొప్ప అలా తయారైంది. పలుచటి రేకుల్లో రక్తం ఒకవైపు పోతుంటే నీళ్లు దానికి ఎదురుగా పారతాయి. అందువల్ల దారి పొడవునా రక్తం కంటే నీళ్లలోనే ఆక్సిజన్ ఎక్కువ ఉండి, లోపలికి దిగుతూనే ఉంటుంది. మంచి నీళ్లలో చేప తన మొప్పల మీదుగా పోయే ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాక్కోగలదు. మన ఊపిరితిత్తులు పీల్చిన దాంట్లో నాలుగో వంతే తీసుకుంటాయి. అంత నేర్పున్న అవయవం కూడా లేనిదాన్ని తేలేదు.

అసలు ఆక్సిజన్ ఎందుకు అంత అవసరం? తిండిలోని శక్తిని కణం ఒక్కసారిగా కాల్చుకోదు. కణంలో శక్తి తయారయ్యే గదుల్లాంటి మైటోకాండ్రియాల్లో ఎలక్ట్రాన్లను ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తూ మెట్టుమెట్టుగా శక్తి తీసుకుంటుంది. ఆఖరి మెట్టున ఆ ఎలక్ట్రాన్లను అందుకునేది ఆక్సిజన్. అందుకుని నీరుగా మారుతుంది. అక్కడ అందుకునేవాడు లేకపోతే వెనక వరుసంతా ఆగిపోతుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఆక్సిజన్‌తో సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చు పెట్టుకునే శక్తి అణువులు) వస్తే, అది లేకుండా వచ్చేవి రెండే. ఆ రెండింటితో మెదడు, గుండె ఎంతోసేపు నడవవు. పైగా లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. బొచ్చెకైనా, దాన్ని పట్టే మనిషికైనా ఇదే లెక్క. బంగారుతీగ చుట్టమైన గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్లలో ఆ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల నుంచి బయటికి పంపేసి చాలా కాలం నెట్టుకొస్తుంది. ఏప్రిల్ ఎండకు కాగిన పరకాల చెరువులో బొచ్చెకు ఆ దారి లేదు.

పగలు ఇచ్చినదే రాత్రి తీసుకుంది

చెరువు నీళ్లు ముదురాకుపచ్చగా ఉన్నాయి. అరచేతిని నీళ్లలో దించితే మణికట్టు మునిగేసరికే వేళ్లు మాయమయ్యాయి. మోచేయి మునిగేదాకా అరచేయి కనబడాలి. అంతకు ముందే కనబడకపోతే నాచు మితిమీరినట్టే. ఈ మోచేయి పరీక్షకు పైసా ఖర్చు లేదు, ప్రతి సంఘానికీ నేర్పిస్తాను.

నాచు ఎక్కువైతే ఆక్సిజన్ కూడా ఎక్కువ రావాలి కదా అంటారు. పగలు వస్తుంది కూడా. ఆకుపచ్చని మొక్క ఎండలో గాలిని బాగుచేస్తుందని, చీకట్లో తానే దాన్ని పాడుచేస్తుందని డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే ప్రయోగాలతో చూపించాడు. నాచూ జీవే, రాత్రంతా అదీ పీల్చాలి. చెరువులో రాత్రి ఖర్చయ్యే ఆక్సిజన్‌లో చేపల వాటా చిన్నది. పెద్ద వాటా నాచుది, అడుగు బురదలోని బాక్టీరియాది. అందుకే డీవో మధ్యాహ్నం మూడింటికి శిఖరాన ఉంటుంది, పొద్దు పొడిచే ముందు పాతాళంలో ఉంటుంది. నీలాకుపచ్చ నాచు పూర్వీకులే 240 కోట్ల ఏళ్ల కిందట ఈ భూమి గాలిలోకి మొదటిసారి ఆక్సిజన్ నింపాయి. మనం పీల్చే ప్రతి ఊపిరి వాటి చలవే. ఆ ఉపకారాన్ని తలుచుకుంటూనే ఈ చెరువులో దాన్ని అదుపు చేయమని చెప్పాల్సి వస్తుంది.

ఇలాంటి చెరువుకు పగటి పూట ఎవరొచ్చి కొలిచినా అంతా బాగున్నట్టే కనబడుతుంది. పదకొండింటికి జీపు దిగి మీటరు ముంచితే ఆరో ఏడో చూపిస్తుంది. "ఆక్సిజన్ బాగానే ఉంది" అని రాస్తారు. అప్పుడు మిగిలేది మందు ఒక్కటే, దాని వెనక ఒక మనిషి పేరు. నా మటుకు నేను తెల్లారకముందు తీసిన కొలత లేని రిపోర్టును చేపల చావుకు సాక్ష్యంగా తీసుకోను. ఈ చెరువులోనే ఎండ తిరిగి కాసిన రోజున మధ్యాహ్నం డీవో లీటరుకు 12 మిల్లీగ్రాముల పైన చూశాను, మర్నాడు తెల్లవారుజామున 2 మిల్లీగ్రాముల దగ్గర చూశాను.

ఆ రాత్రే ఎందుకు? అంతకు ముందు వారమంతా మండే ఎండలు. పై నీళ్లు కాగి తేలికై పైనే ఉండిపోయాయి. గుంటల్లోని చల్లటి నీళ్లు కిందే చిక్కుకుని, నల్ల బురద మీద కూర్చుని ఉన్న కాస్త ఆక్సిజన్ పోగొట్టుకున్నాయి. తర్వాత మూడు రోజులు మబ్బు. నాచుకు ఎండ లేదు, తయారీ తగ్గింది, ఖర్చు తగ్గలేదు. మూడో రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. మామిడికాయలు రాలినంత గాలి. చల్లటి వాన నీళ్లు, గాలి కలిసి చెరువును కిందా మీదా చేశాయి. అడుగు నీళ్లు కుళ్లిన గుడ్డు వాసనతో పైకొచ్చి పైనున్న ఆక్సిజన్‌ను కూడా తినేశాయి. వాన కురిసింది, చెరువు చల్లబడింది, చేపకు మంచిదే అనుకుని ఊరంతా పడుకుంది. ఇంజిన్లకు గుంట నీళ్లు తోడొద్దన్నది ఈ కారణానికే.

చేసిన పని, మిగిలిన పని

ఎనిమిదింటికల్లా ఎండ వచ్చింది. అదే ఆ చెరువు అదృష్టం. ఇంజిన్ల జల్లు పడే చోట చేపలు గుంపుగా చేరాయి. చెరువంతటికీ అవి చాలవు, చాలాల్సిన అవసరమూ లేదు. ఊపిరందే ఒక మూల దొరికితే చేప అక్కడికి చేరి గండం గట్టెక్కుతుంది. ఎవరో రెండు బోర్ల పైపులు చెరువులోకి తిప్పారు. బోరు నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. కాబట్టి పైపు నోటి దగ్గర తడక పెట్టించి, నీళ్లు చిందేలా చేయించాను. వెంటనే వల లాగుదామని సంఘంలో కొందరు తొందరపడ్డారు. ఆ పూట వద్దన్నాను. వల అడుగు బురదను కదిపితే మిగిలినవీ పోతాయి. పొటాషియం పర్మాంగనేట్ చల్లుదామన్న మాటా వచ్చింది. అది నాచును చంపితే చచ్చిన నాచు కుళ్లి ఇంకో రాత్రి ఆక్సిజన్ తినేస్తుంది. మేత, కోళ్ల పెంట ఆపించాను. ఎదుగుదల కోసమని పక్క ఫారాల నుంచి ట్రాక్టర్లతో పెంట వేయిస్తున్నారు. నాచుకు బలం అక్కడి నుంచే వచ్చింది.

చనిపోయిన చేపను అమ్మొద్దన్నప్పుడు ఆడవాళ్లు చాలా బాధపడ్డారు. ఒక్కో గంప వెనక ఒక ఇంటి వేసవి ఖర్చు ఉంది, నాకు తెలుసు. కానీ అది ఎప్పుడు చచ్చిందో చెప్పలేం, అప్పటికి మందు అనుమానం ఇంకా తీరలేదు కూడా. సున్నం చల్లి పూడ్చారు. సంఘం లెక్క ప్రకారం పెద్ద చేపలో నాలుగో వంతు పోయింది.

వచ్చే సీజన్‌కు రాసిచ్చిన దాంట్లో ముఖ్యమైనవి చెబుతాను. ఫిబ్రవరి చివర నుంచే, నీళ్లు దిగుతున్న కొద్దీ పెద్ద చేపను విడతలుగా పట్టి అమ్మాలి. మే దాకా ఆగితే కిలోకు ఇంకొంత పెరుగుతుందన్న ఆశ, తగ్గిన నీళ్లలో రిస్క్‌తో చూస్తే లాభం కాదు. ఏప్రిల్, మే నెలల్లో మబ్బు పట్టిన రెండో రాత్రి నుంచి ఎవరో ఒకరు తెల్లవారుజామున నాలుగింటికి కట్ట మీదికి వెళ్లి టార్చి వేసి చూడాలి. చేప మూతులు కనబడితే వెంటనే ఇంజిన్లు. ఇంజిన్లు ఎవరివి, డీజిల్ ఎవరిదో ముందే మాట్లాడుకుని ఉంచాలి.

పూడిక గురించి ఒక మాట. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టి పొలాలకు తోలినప్పుడు అందరూ ఎక్కువ నీళ్లు నిలుస్తాయనే చూశారు. నల్ల బురద పోవడం వల్ల చేపకు మిగిలిన ఆక్సిజన్ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. కానీ ఈ చెరువులో మట్టి అవసరమైన చోటల్లా ఇష్టమొచ్చినట్టు తవ్వుకోవడంతో విడివిడి గుంటలు మిగిలాయి. గుంటలుగా కాకుండా తూము వైపు వాలుగా తీసి ఉంటే అడుగు నీళ్లు అలా చిక్కుకునేవి కావు. మళ్లీ తవ్వకం జరిగితే ఎస్టిమేట్ దశలోనే సంఘం వాళ్లను కూర్చోబెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

అన్నిటికంటే కష్టమైంది తూము. ఎంత దాకా తీయాలి, ఎక్కడ మూయాలి అన్నది చేపల సంఘం ఒక్కటే తేల్చేది కాదు. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు ఏప్రిల్‌లో ఎప్పుడు వస్తాయో రావో ఎవరి చేతిలోనూ లేదు, చివరి తడి లేకపోతే వరి తాలు పోతుంది. రెండు వైపులా ఉన్నది కడుపు మంటే. లాబ్ రిపోర్టు వచ్చాక అనుమానం పడ్డ రైతు మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత రెండు పక్షాలూ పంచాయతీ ఆఫీసులో కూర్చున్నాయి. తూము గోడ మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి, నీళ్లు అక్కడికి దిగితే తూము మూయాలని, దానికి బదులుగా సంఘం మార్చిలోనే సగం చేప పట్టేయాలని అనుకున్నారు. గీత ఎక్కడ గీయాలన్న దగ్గర ఒక జానెడు తేడా ఇంకా తెగలేదు. ఆ జానెడు నీళ్లు అడుగు బురదకు ఎంత పైన ఉంటాయో కొలిచిచ్చే పని నాకు అప్పగించారు.